ఏడు వందల యాభై నాలుగు

చీమకుర్తి గుట్టల మీద ఎండ నిలబడ్డ వేళ
కాటా గదిలో పెంచలమ్మ ఫారం తెరుస్తుంది.
తెరుచుకోదు.
తెల్లటి తెర, మధ్యలో గిర్రున తిరిగే చక్రం.
ఆమె టిఫిను డబ్బా మూత తీస్తుంది.
చింతకాయ పచ్చడి వాసన గదంతా పాకుతుంది.
రెండు ముద్దలయ్యాక
మొదటి గడి కనపడుతుంది: బ్లాకు నంబరు.
బయట లారీల హారన్లు.

ఆ ఫారం నేను చేసిందే.
తొమ్మిదేళ్ల కింద, ఒంగోలు కర్నూలు రోడ్డులో
జిరాక్సు షాపు పైన అద్దె గదిలో,
పద్నాలుగు గడులతో.
ఎంటర్ నొక్కితే రెప్ప పడేలోపు
ఇరవై టన్నుల రాయి
బుద్ధిగా వరుసలో కూర్చునేది.

తర్వాత కోటిరెడ్డి గారి ఫోన్లు.
"ఇదిగో అబ్బాయా, రాయల్టీకి ఒక గడి."
పెట్టాను.
"డీజిలుకి ఇంకోటి. వే బిల్లుకి ఇంకోటి.
చైనా వాళ్ల కొలత వేరంట, దానికో పేజీ."
పెట్టాను.
"మా అల్లుడు చూస్తాడు, అన్నీ ఒక్క తెరలోనే కనపడాల."
కనపడ్డాయి.
ట్యాబు వెనక ట్యాబు, ఫారం కడుపులో ఫారం,
దాని కడుపులో ఇంకొకటి.
కొనేవాడి పేరు పక్కన ఆ చిన్న బాణం గుర్తు ఉందే,
దాని వెనక పదకొండు వేల పేర్లు
పొద్దున్నే బారులు తీరి నిలబడతాయి,
పోయినవాళ్లతో సహా.
పెంచలమ్మకి కావలసింది ఒక్క పేరు.

ఆషాఢంలో ఒకరోజు
ఇంకో గడి, చాలా చిన్నది,
హెల్మెట్టు ఇచ్చారా లేదా అని టిక్కు పెట్టేది,
చేర్చబోతే యంత్రం వద్దంది.

తెర మీద ఉన్నవి లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు.
మళ్లీ లెక్కపెట్టాను.
చివరికి ఎలక కొరికిన పాత పుస్తకంలో దొరికింది.
ఒక ఫారం పుట్టినప్పటి నుంచీ
ఏడు వందల యాభై నాలుగు వస్తువులు మోయగలదు.
తీసేసినవీ లెక్కే.

తీసేసినవీ లెక్కే!
జీఎస్టీ వచ్చినప్పుడు పీకేసిన వ్యాట్ గడులు,
పెట్టిన మరునాడే వద్దన్న బొమ్మలు,
కోటిరెడ్డి గారి షష్టిపూర్తికి మెరిపించిన అక్షరాలు,
అర్ధరాత్రి నిద్రమత్తులో నేను చేసి చెరిపిన తప్పులు,
మూడు వందల నలభై రెండు,
ఎక్కడికీ పోలేదు.
ఉన్నవాటి చోటు తింటూ లోపలే ఉన్నాయి.

మార్కరు మాల్యాద్రికి చెప్పాను, వినేవాళ్లు ఇంకెవరూ దొరక్క.
అతను బ్లాకు మీద సుత్తితో తట్టి చెవి పెట్టాడు.
లోపల చీలిక ఉంటే రాయి బొంగురుగా పలుకుతుందట.
"అంతేగదయ్యా," అన్నాడు తల ఎత్తకుండానే.
"నూరు కోస్తే అమ్ముడయ్యేవి పది.
మిగతా తొంభై యాడికి పోతాయి?"
గడ్డంతో రామతీర్థం వైపు చూపించాడు.
రోడ్డు పక్కన పనికిరాని రాళ్ల గుట్ట,
తవ్విన గుంత ఎంత లోతో అంత ఎత్తు.
నల్లరాతిలో బంగారు చుక్కలు
అక్కడ కూడా మెరుస్తున్నాయి, దండగ్గా.

"నువ్వు రాయిని ఎన్ని అడుగుతావు?"
"మూడు. పొడుగు, అడ్డం, ఎత్తు.
చీలిక సంగతి అదే చెబుద్ది."

ఆ రాత్రి కొత్త ఫారం మొదలుపెట్టాను.
పాతదాన్ని కాపీ కొట్టలేదు.
కొలతలకి ఒకటి, పర్మిట్టుకి ఒకటి, డబ్బుకి ఒకటి.
తట్టి పిలిస్తేనే ట్యాబు తన సామాను తెచ్చుకుంటుంది.
మూడక్షరాలు కొడితేగాని
ఏ పేరూ బయటికి రాదు.

కోటిరెడ్డి గారు చూసి
"ఇదేంది, నా ఫారం ఇట్టా చిక్కిపోయింది?" అన్నారు.
గడులు తగ్గాయని డబ్బులూ సగమే ఇచ్చారు.

పెంచలమ్మ ఏమీ అనలేదు.
నంబరు కొట్టింది.
ఆగడం అలవాటైన చెయ్యి
డబ్బా మూత మీదికి పోయి, అక్కడే నిలబడింది.
మొదటి గడిలో కర్సరు అప్పటికే కొట్టుకుంటోంది.
లారీ కదిలిపోయింది.
మూత తీయాలో వద్దో తెలియక
ఆమె నా వైపు చూసింది, కొంచెం కోపంగానే.

నేను సిగరెట్టు పెట్టె మీద రాసుకున్నాను.
పెట్టినవి నలభై ఆరు.
తీసేసినవి రెండు.
నలభై ఎనిమిది.